మా ఇంటి రక్తం

మా అవ్వకు నగల్లేవు, పొలం లేదు. అందం సంగతి అడిగితే "నా మొకం సూస్తే ఎనుము గూడా బెదురుతాది" అని ఆమే నవ్వేది. ఆమెకున్న గర్వమల్లా ఒక్కటే. చలిజ్వరం మా ఇంటి రక్తాన్ని ఏమీ చేయలేదని.

నగరిలో మా వీధంతా గుంట మగ్గాలే. ఇంటి నేలలోనే గొయ్యి తీసి, అందులో కాళ్ళు దించుకుని కూర్చుని నేస్తారు. గొయ్యిలో చీకటి, చెమ్మ, దోమలు. చేతులు పైన నేస్తుంటే కాళ్ళు కింద దోమలకు కూడు పెడుతుండేవి. వానలు వెలిసిన నెలల్లో ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని వణుకుతుండేవాళ్ళు. మలేరియా ఆయన సైకిలు మీద వచ్చి, వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుని, చేదు మాత్రలిచ్చి, గోడ మీద తేదీ రాసి పోయేవాడు. మా అవ్వ మాత్రం ఆయనకు వేలు ఇచ్చేది కాదు. "నా రక్తంతో నీకేం పని అబ్బా? నన్ను కుడితే దోమకే వాంతులైతాయి" అనేది. ఆయన నవ్వుకుంటూ పక్కింటికి పోయేవాడు.

ఆమె గొప్పలు చెప్పుకుంటోందని కొట్టిపారేయడానికి లేదు. పక్కిళ్ళలో పసిపిల్లలు రాలిపోయిన ఏడాది కూడా అవ్వ తోబుట్టువుల్లో ఒక్కరూ పోలేదట. జ్వరం రాక కాదు, వచ్చినా వాళ్ళ దగ్గర నిలిచేది కాదు. రెండు పూటలు మూలిగి, మూడో పూట రాగిసంకటి ముద్ద అడిగేవాళ్ళు. అవ్వ కన్నది ఇద్దరిని, మా అమ్మను, ఆ తర్వాత చాలా ఏళ్ళకు మామను. ఇద్దరూ అంతే. అవ్వతో కలిపి ముగ్గురూ కాస్త పాలిపోయి ఉండేవాళ్ళు. దాన్ని అందరూ తెలుపు అనుకునేవాళ్ళు. మా వీధిలో అంత రంగు వేరే ఇంట్లో లేదని అవ్వ మురిసిపోయేది.

మా నాయన బయటివాడు. అవ్వ అన్నదమ్ముల వైపు అమ్మకు ఈడైన కుర్రాడు దొరక్క, వడమాలపేట నుంచి ఆయన్ని ఇల్లరికం తెచ్చుకున్నారు. నల్లగా, సన్నగా, మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకునే మనిషి. ఏటేటా జ్వరం ఆయన్ని పలకరించకుండా పోయేది కాదు. మగ్గం ఆగిపోగానే అవ్వ వంటింట్లో నుంచే "వడమాలపేట రక్తం వణకతా ఉండాది" అనేది. నాయన దుప్పటి తల మీదికి లాక్కునేవాడు.

అక్కకు అవ్వ పోలిక వచ్చింది. నాకు నాయన పోలిక వచ్చింది. "దీన్ని తవుడుకు కొనుక్కొచ్చినాం" అని నన్ను ఏడిపించేవాళ్ళు. అందరి ఇళ్ళలోనూ ఎవరో ఒక పిల్లను అంటారు ఆ మాట. కానీ మా ఇంట్లో దానికి ఆధారాలు కూడా చూపించేవాళ్ళు. రంగు వేరు, ఒళ్ళు వేరు, జ్వరానికి పడిపోయే తీరు వేరు.

మా వైపు ఆడపిల్ల మీద మొదటి హక్కు మేనమామది. మామ ఉన్నాడంటే పిల్ల పెళ్ళి మాట అయిపోయినట్టే. బయట సంబంధం వెతికితే "ఏం, మామకు కాలు కుంటా, కన్ను గుడ్డా?" అని అడుగుతారు. మా ఇంట్లో చిక్కల్లా ఒకటే, పిల్లలిద్దరు, మామ ఒక్కడు. అక్కకూ నాకూ రెండేళ్ళే తేడా. మామకు మంచినీళ్ళిచ్చినా, చొక్కా ఆరేసినా "ఎవరు మే పెద్ద పెండ్లాం, ఎవరు సిన్న పెండ్లాం?" అని వీధి ఆడవాళ్ళు పరాచికాలాడేవాళ్ళు. మామ మంచివాడు. ఇద్దరికీ చెరో జడ లాగి పోయేవాడు. నాకు ఆయనంటే ఇష్టం. ఆ వయసులో అది ఎలాంటి ఇష్టమో నాకే తెలియదు కానీ, ఇష్టం మాత్రం ఉండేది.

నాకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా జ్వరం వీధినంతా ఊడ్చింది. మా ఇంట్లో నాయన పడ్డాడు, అక్క పడింది, నేను పడ్డాను. అక్క మూడో రోజుకు లేచి కూర్చుని నూలు కండెలు చుట్టింది. నేను లేవలేదు. నెల పైన మంచం మీదే ఉన్నాను. ఎడమ పక్కటెముకల కింద గడ్డలా చేతికి తగిలేది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. ఆసుపత్రిలో సూదులు పొడిచీ పొడిచీ చెయ్యి వాచిపోయింది. అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని గంజి తాగించేది. ప్రేమ లేదని ఎలా అంటాను? నేను బతకాలని ఆమె మొక్కిన మొక్కులు నాకు తెలుసు.

నేను కోలుకున్నాక ఒక మధ్యాహ్నం, నేను నిద్రపోతున్నాననుకుని, అవ్వ మా అమ్మతో తీర్మానం చెప్పింది.

"సిన్నది నా కొడుక్కి వొద్దు. ఊదితే పడిపోతాది. రేపు దాని కడుపున పుట్టేదీ అట్లే పుడతాది. పెద్దది మా ఇంటి రక్తం. సూసినావు కదా, జొరాన్ని యట్లా ఇదిలించుకోని లేసిందో. ఆ రక్తం గడప దాటకూడదు."

అమ్మ "సరేలే మా" అంది.

గోడ వైపు తిరిగి ఏడ్చాను. సంకటి ముద్ద తినలేని దాన్ని కాబట్టి నేను తక్కువదాన్నయ్యాను. మామ దక్కనందుకు కాదు, ఆ తక్కువకు ఏడ్చాను. కొయ్య గుర్రాన్ని కొనేవాడు కూడా కాళ్ళు తట్టి చూస్తాడు. అవ్వ మమ్మల్ని జ్వరంతో తట్టి చూసింది. గట్టిదాన్ని ఉంచుకుంది.

మూడేళ్ళకు అక్కకూ మామకూ పెళ్ళయింది. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. మా వీధిలో ఒక్కొక్క ఇంట్లో మరమగ్గాలు దిగుతున్నాయి. రోజంతా వాటి దడదడలో మాటలు వినపడక అందరం గట్టిగా అరుచుకుని మాట్లాడటం నేర్చుకున్నాం. పనికి పనికిరాని పిల్ల చదువుకోనీ అని నన్ను తిరుపతిలో డిగ్రీకి చేర్చారు. హాస్టల్లో ఉండి జువాలజీ చదివాను.

మరుసటేడు పాప పుట్టింది. అవ్వ బిడ్డను గడప దగ్గర వెలుతురులోకి పట్టుకొచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి "మా ఇంటి రక్తమే" అని చాటింది. కొడుకు కూతురూ తనదే, మనవరాలి కూతురూ తనదే. అవ్వకు ఇంతకన్నా ఏం కావాలి? పాప అక్షరాలా తెల్లగా ఉంది. చూడవచ్చిన వాళ్ళంతా దొరసాని అన్నారు.

ఆ తెలుపు ఆరేడు నెలలకు పసుపులోకి తిరిగింది. బిడ్డ పాలు తాగుతూ తాగుతూ అలసిపోయి వదిలేసేది. పొట్ట ఉబ్బింది. చూపించిన చోటల్లా "రక్తం తక్కువ" అన్నారు, ఎర్ర టానిక్కు రాశారు. రక్తం తక్కువ అన్న మాట వినగానే అవ్వ కొంగు బిగించింది. మా ఇంటి బిడ్డకు రక్తం తక్కువా! మునగాకు, బెల్లం, నువ్వుండలు, ఖర్జూరం, మేక కార్జం పిండిన చారు. అన్నీ ఇనప మూకుట్లోనే వండేది. ఇనుము దిగితే రక్తం పడుతుందని ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. బిడ్డ నోరు బిగిస్తే బుగ్గలు నొక్కి పెట్టేది. పొద్దున్నే బిడ్డను గడప దగ్గరికి తెచ్చి, బొటనవేలితో కింది రెప్ప లాగి ఎర్రబడిందా లేదా అని చూసేది. ఒక్కనాడూ ఎర్రబడలేదు. మరునాటి నుంచి ఇంకొంచెం కార్జం పెట్టేది.

పాపకు రెండేళ్ళు నిండకముందే వేలూరు తీసుకుపోయాం. సెలవుల్లో ఉన్నాను కాబట్టి నేనూ వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ బిడ్డ రక్తం తీసి, ఆ తర్వాత మా అందరి రక్తమూ కావాలంది. మలేరియా ఆయనకు ఏనాడూ వేలివ్వని అవ్వ, ఆ రోజు చెయ్యి చాపి "తీసుకో తల్లీ, యంత కావాలన్నా తీసుకో" అంది. బిడ్డకు ఎక్కించడానికే అనుకుంది పాపం.

మళ్ళీ పిలిచినప్పుడు డాక్టరమ్మ అరవంలో చెప్పింది. నగరి వాళ్ళం, అరవం మాకు ఇంటి భాషే. మాటలన్నీ తెలిసినవే, సంగతి మాత్రం ఎవరికీ ఎక్కలేదు. రక్తాన్ని తయారుచేసే కబురు ప్రతి మనిషిలోనూ రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మది ఒకటి, నాయనది ఒకటి. అవ్వలో ఒక ప్రతి మంచిది, ఒకటి చెడింది. మామలో, అమ్మలో, అక్కలో కూడా అంతే. ఒక్కటి మంచిదుంటే చాలు, మనిషి కాస్త పాలిపోయినా నూరేళ్ళు బతుకుతాడు. పాపకు మాత్రం అక్క నుంచి చెడిందే వచ్చింది, మామ నుంచీ చెడిందే వచ్చింది. నాలోనూ నాయనలోనూ ఆ చెడిన ప్రతి లేదు.

నాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకు తెలిసిన దారిలో ఆయన అర్థం చేసుకున్నాడు. "రెండు పేటల నూలు మాదిరి. ఒక పేట పుచ్చినా రెండోది పట్టుకుంటాది. రెండూ పుచ్చితే..." అని ఆగిపోయాడు. నేసేవాళ్ళం, మిగతాది చెప్పనక్కర్లేదు.

అవ్వ నమ్మలేదు. మా ఇంట్లో పుచ్చు రక్తం లేదని తగువేసుకుంది. మా వాళ్ళు చలిజ్వరానికి కూడా లొంగరని, కావాలంటే నగరిలో అడగమని చెప్పింది. డాక్టరమ్మ వాదించలేదు. "నిజమే పాట్టీ, అందుకే" అంది, అవ్వను అరవంలో పిలుస్తూ.

ఆ చెడిన ప్రతి ఒక్కటే ఉన్నవాళ్ళ రక్తంలో మలేరియా పురుగు సరిగ్గా బతకలేదట. దోమలున్న ఊళ్ళలో తరతరాలుగా మిగతా పిల్లలు జ్వరానికి పోతుంటే, అలాంటి పిల్లలు ఎక్కువగా మిగిలారట. మిగిలినవాళ్ళు పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలతో పాటు ఆ ప్రతీ మిగిలింది. మంచి చేసింది కాబట్టే అది పోలేదు.

అవ్వ ముఖం విప్పారింది. "నేను సెప్పలా!" అని అందరి వైపూ తిరిగి చూసింది. "ఇన్నేండ్లూ సెప్తానే ఉన్నా. మా రక్తం జొరానికి లొంగదని!"

అక్క ఒళ్ళో పాప, ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. అవ్వ పాప వైపు చూసింది. ఆ తర్వాత అక్క వైపు చూసింది, చాలాసేపు చూసింది. జ్వరాన్ని విదిలించుకుని లేచిన పిల్ల. తానే ఏరిన పిల్ల. అవ్వ ముఖంలో ఆ వెలుగు ఆరిపోవడం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. డార్విను సిద్ధాంతం నాకు మా లెక్చరరు బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పాడు. ఏరడం అంటే ఏమిటో నాకు డాక్టరమ్మ బల్ల ముందు అర్థమైంది. దోమ ఏరింది, అవ్వ ఏరింది. ఇద్దరూ ఒకే గుర్తు చూసి ఏరారు.

ఇనప టానిక్కు, కార్జం అన్నీ ఆపేయమంది డాక్టరమ్మ. ఇక బతికినన్నాళ్ళూ నెలనెలా రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించే రక్తంతోనే కావలసినదానికన్నా ఎక్కువ ఇనుము ఒంట్లో చేరుతుంది, గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది, ఆఖరికి ఆ ఇనుమే ప్రమాదం అని చెప్పింది. ఇంటికొచ్చాక అవ్వ ఆ మూకుడును పెరట్లో బోర్లించింది. వానకు తుప్పు పట్టి, అంచులు రాలిపోయినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నా పెళ్ళి బయటి సంబంధమే అయింది. రేణిగుంట గోడౌనులో పని చేసే మనిషి, మాకు ఏ వరుసా కానివాడు. తిరుపతిలో కాపురం పెట్టాం. అక్క నెలకోసారి పాపను బస్సులో తీసుకొచ్చి, ఆసుపత్రిలో రక్తం ఎక్కించి, ఆ రాత్రికి మా ఇంట్లో ఉండి పోయేది. వచ్చేటప్పుడు పాప భుజం మీద వాలిపోయి వచ్చేది. పోయేటప్పుడు ఎగురుకుంటూ పోయేది, బస్సులో కిటికీ పక్క సీటు కోసం తగువులాడేది. ఇనుము దించే సూది మందు దొరికినప్పుడు వేయించేవాళ్ళు, చాలాసార్లు దొరికేది కాదు. అక్క మళ్ళీ బిడ్డను కనలేదు. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక పాలు ఇలాగే పుట్టొచ్చని డాక్టరమ్మ అంటే, మూడు పాళ్ళ ఆశ కన్నా ఆ ఒక్క పాలు భయమే అక్కకు పెద్దదైంది.

ఒకసారి మా ఇంట్లో పాప నిద్రపోయాక అక్క వంటింటి గట్టుకు ఆనుకుని నన్నే చూస్తూ అంది:

"ఆ ఏడు నేను గూడా నీ మాదిరి నెల పడుకోనుంటే యంత బాగుండు మే."

నా ఒంట్లోని బలహీనత నన్ను కాపాడింది. అక్క ఒంట్లోని బలం దాన్ని ముంచింది. ఇందులో నేను చేసిన పుణ్యం లేదు, అది చేసిన పాపమూ లేదు. అయినా అక్క ముందు నిలబడితే ఏదో దొంగిలించుకున్నట్టే ఉండేది నాకు. ఇప్పటికీ ఉంటుంది.

నాకు కూతురు ఆలస్యంగా పుట్టింది. ఆనవాయితీ ప్రకారం కాన్పుకు నగరి వెళ్ళాను. అప్పటికి గుంట మగ్గం ఎత్తేశారు, గొయ్యి పూడ్చి పైన సిమెంటు పూశారు. ఆ చోటు మిగతా నేల కన్నా కొంచెం ఎత్తుగా, నున్నగా ఉండేది. పాప ఎప్పుడూ అక్కడే కూర్చునేది. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి, ఆరేళ్ళ పిల్లలా ఉండేది. ముఖం ఎముకలు ఉబ్బి, పైపళ్ళు ముందుకొచ్చి, నవ్వితే మాత్రం అచ్చం మామ. ఆ తర్వాత మూడేళ్ళే ఉంది పాప. గుండె ఆగిపోయింది. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. ఆ రోజుల గురించి రాయలేను. కానీ నా కూతురు పుట్టిన వారం సంగతి రాయకుండా ఉండలేను.

పురిటి స్నానం అయ్యాక అవ్వ బిడ్డ కోసం చేతులు చాపింది. ఎనభై దగ్గరపడిన మనిషి. ఇవ్వాలంటే భయమేసింది, ఇవ్వకుండా ఉండలేకపోయాను. అవ్వ బిడ్డను గడప దగ్గర వెలుతురులోకి తీసుకుపోయింది. బొటనవేలితో బిడ్డ కింది రెప్ప మెల్లగా లాగింది. వంగి చూసింది. ఇంకో కన్ను రెప్ప కూడా లాగి చూసింది. నల్లటి, సన్నటి పిల్ల, కాళ్ళు ఝాడిస్తూ గుక్కపట్టింది.

"వాళ్ళ తాత రక్తం" అంది అవ్వ. గొంతు గట్టిగానే ఉంది, వీధిలోకి వినపడేటట్టు. "వడమాలపేట రక్తం. మాది కాదు. మాది రాలా దీనికి."

నాయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. జీవితంలో మొదటిసారి అత్త ఆయన రక్తాన్ని మెచ్చుకుంది. ఆయన తల వంచుకున్నాడు. అవ్వ బిడ్డను గుండెకు అదుముకుని ఏడవడం మొదలుపెట్టింది.

పూడ్చిన గుంట మీద కూర్చున్న పాప లేచి వచ్చింది. నాలుగు రోజుల కిందటే తిరుపతిలో రక్తం ఎక్కించుకుని వచ్చింది, ముఖం కళగా ఉంది. అవ్వ కొంగు పట్టుకుని లాగింది.

"యాల ఏడుస్తా ఉండావు అవ్వా? నాకు గూడా మీ రక్తం ల్యా. ఈ తూరి లారీ డైవరన్న ఇచ్చినాడంట. పోయిన తూరి కాలేజీ అక్క ఇచ్చింది. నాకుండేదంతా బయటోళ్ళదే."

అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. పాప ఆ మాట అవ్వను ఊరడించడానికే అంది. తనవల్ల అవ్వ ఏడుస్తోందని ఆ పిల్లకు ఎప్పుడో తెలిసిపోయిందన్న సంగతి మాకెవ్వరికీ అప్పటిదాకా తెలియదు.

అవ్వ ఒక చేత్తో నా బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో పాప బుగ్గ తడిమింది. పాప ముందు ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేకపోయింది.

"వాళ్ళది నెలకంతా అయిపోతాది తల్లీ" అంది. "మాదే పోదు."

పాపకు అర్థం కాలేదు. చెల్లెల్ని తన ఒళ్ళో పెట్టమని అడిగింది. అక్క వచ్చి, పాపను మళ్ళీ ఆ నున్నటి చోట కూర్చోబెట్టి, బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది.